కంట్లం నుంచి పెట్టె దాకా



బలసముద్రం దారిలో కాసేపు నిలబడి చూడండి. పావగడ సంతకు పోయే బండ్లు, మడకశిర వైపు తిరిగే బండ్లు, కళ్యాణదుర్గం నుంచి వచ్చే బండ్లు మన ముందు నుంచే పోతాయి. వాటిలో ఎక్కువ భాగం మోటారు సైకిళ్ళే. ఒకదానికి రెండు పక్కలా పాల క్యాన్లు వేలాడుతుంటాయి. ఇంకొకదాని వెనుక చీరల మూట ఉంటుంది. మరొకదాని క్యారియర్ మీద నల్లని ప్లాస్టిక్ పెట్టె బిగించి ఉంటుంది. ఊరు చేరగానే ఆ బండిమనిషి తాళంచెవి తిప్పి, పెట్టెను చేతి సంచిలాగా ఊడదీసుకొని ఇంట్లోకి పోతాడు. బండి బయటే ఉంటుంది.

ఈ ఊడదీసే పెట్టెను చూసి మనం కొత్త సౌకర్యం అనుకుంటాం. పెట్టె కొత్తదే, కాని దాని వెనుక ఉన్న ఆలోచన చాలా పాతది. బరువును రెండు పక్కలా సమంగా పంచడం, ప్రయాణంలో గట్టిగా పట్టి ఉంచడం, మజిలీ చేరగానే ఒక్క ఊపున దించడం అనే మూడు పనులూ మన పూర్వులు ఎద్దు వీపు మీదనే నేర్చుకున్నారు. ఆ కథ చెప్పుకుంటే, ఆ బరువులు మోసిన మనుషుల కథ కూడా చెప్పుకోవలసి వస్తుంది.

ముందుగా మాటల సంగతి చూద్దాం. మన పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడతారు. సామాను మోసే మాటల దగ్గరికి వస్తే రెండు భాషలకూ మధ్య గోడ పెద్దగా కనిపించదు. మనం కావడి అంటే వాళ్ళూ కావడి అనే అంటారు. ఎద్దు వీపు మీద అడ్డంగా వేసే జంట సంచిని తెలుగులో కంట్లం అంటే కన్నడంలో కంటలె అంటారు. నడిమధ్య నోరు ఉండి, రెండు కొసలా సామాను నింపే పొడుగాటి సంచి మనకు అసిమి, వాళ్ళకు హసుబె. మన గోనె వాళ్ళకు గోణి. ఇంగ్లీషువాళ్ళు గన్నీ అనే మాటను ఈ గోణి నుంచే తీసుకున్నారు. మాటలు ఇట్లా కలిసిపోయాయంటే, ఆ సంచులు మోసినవాళ్ళు ఏ భాష సరిహద్దు దగ్గరా ఆగలేదని అర్థం.

కావడి ఎన్ని వంకలు పోయినా ఇల్లు చేరడమే కావాలి అంటారు పెద్దలు. కావడి భుజం మీద నిలవాలంటే రెండు కుండలూ ఇంచుమించు ఒకే బరువు ఉండాలి. ఒకటి నిండుగా, ఒకటి వెలితిగా ఉంటే మోసేవాడి నడుమే వంగిపోతుంది. కంట్లం కథా అదే. ఎద్దు వీపు మీద ముందు మెత్తగా గంత వేస్తారు. దాని మీద జంట సంచి అడ్డంగా పడుతుంది. ఒక పక్క జొన్నలు ఎక్కువైతే రెండో పక్క పిడికెడు పిడికెడు చేర్చి సరిచేస్తారు. అట్లా సరిచేయకపోతే సంచి జారుతుంది, వీపు పుండు పడుతుంది, పుండు పడిన ఎద్దు పది రోజులు పనికిరాదు. బతుకుతెరువు ఆ ఎద్దు మీదే ఆధారపడినవాడికి బరువు పంచడం ఇంటిల్లిపాది అన్నానికి సంబంధించిన లెక్క.

ఈ విద్యలో ఆరితేరినవారు లంబాడీలు. పెరికె ఎద్దుల మందలతో ధాన్యం, ఉప్పు మోసుకుంటూ దేశమంతా తిరిగారు. 1632లో ఉత్తర దేశంలో ప్రయాణం చేసిన పీటర్ మండీ అనే ఇంగ్లీషు వర్తకుడు ఒకే తండాలో 14,000 ఎద్దులు ఉన్నట్టు రాశాడు. అవి రోజుకు ఆరేడు మైళ్ళకు మించి నడిచేవి కావట. దారి పొడవునా మేసుకుంటూ పోవడమే వాటి పద్ధతి. మేతకు విడిగా ఖర్చు లేదు కనుకనే అంత దూరం నుంచి తెచ్చిన ధాన్యం కూడా గిట్టుబాటు ధరకు దొరికేది. మజిలీ చేరగానే కంట్లాలు దించి, వాటినే ఒకదాని మీద ఒకటి పేర్చి, చుట్టూ గోడలాగా కట్టుకొని మధ్యలో పడుకునేవారు. పగలు బరువుగా ఉన్న సంచులే రాత్రికి వాళ్ళకు కోట అయ్యేవి.

ఈ మోత ఎంత విలువైనదో మన పక్కనే జరిగిన యుద్ధాలు చెబుతాయి. 1791 మే నెలలో గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ టిప్పు సుల్తాను మీదికి శ్రీరంగపట్నం దాకా వచ్చాడు. సైన్యానికి లోటు లేదు, ఫిరంగులకు లోటు లేదు. కాని మేత లేక, రోగం సోకి ఎద్దులు చనిపోయాయి, తిండిగింజలు అడుగంటాయి. చివరికి తన పెద్ద ఫిరంగులను తానే పగలగొట్టించుకొని వెనక్కి మళ్ళాడు. తర్వాత లంబాడీ తండాలు ధాన్యంతో వచ్చి ఆదుకున్నాయి. 1792 ఫిబ్రవరిలో అదే సైన్యం మళ్ళీ శ్రీరంగపట్నం ముందు నిలబడగలిగింది. చరిత్ర పుస్తకంలో కారన్‌వాలిస్ పేరు ఉంటుంది, టిప్పు పేరు ఉంటుంది. ధాన్యం మోసిన నాయకుల పేర్లు ఏ పాఠంలోనూ ఉండవు.

1799లో శ్రీరంగపట్నం పడిపోయింది. 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి ఇచ్చాడు. అప్పటి నుంచి అనంతపురం సీమ కంపెనీ కిందికి, పావగడ మైసూరు దొరల కిందికి వచ్చాయి. గీత గీసింది ఎవరో, దాన్ని రోజూ దాటవలసింది మనం. ఎద్దు బరువుకు ఇక్కడ ఒక సుంకం, అక్కడ ఒక సుంకం ఉండేది. మద్రాసు రాజధానిలో లోపలి దారి సుంకాలను 1844లో ఎత్తేశారు. ఆ తర్వాత గీత పేరు మారింది గాని గీత పోలేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, 1973లో కర్ణాటక అనే పేరు, 2022లో శ్రీ సత్యసాయి జిల్లా వచ్చాయి. బండి మీద సరుకు వేసుకొని చెక్‌పోస్టు దగ్గర ఆగడం మన ప్రాంతంలో చాలామందికి అనుభవమే. 2017 జులై 1న జి.ఎస్.టి. వచ్చాక ఆ అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు మూతపడ్డాయి.

ఇప్పుడు ఉప్పు సంగతికి వద్దాం. కోస్తాలో పండిన ఉప్పు మన గడపకు రావాలంటే వందల మైళ్ళు నడవాలి. ఆ పని చేసినవారిలో ఎరుకలవారు ముఖ్యులు. కన్నడ దేశంలో వారి బంధుకులాలను కొరచ, కొరమ అంటారు. గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు తెచ్చి, ఊరూరా ధాన్యానికి మార్చి, ఆ ధాన్యం తీసుకొని మళ్ళీ సముద్రం వైపు వెళ్ళేవారు. 1805లో మద్రాసు రాజధానిలో కంపెనీ ఉప్పును తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకుంది. 1856లో మద్రాసు నుంచి మొదటి రైలు నడిచింది. ఆ తర్వాత పట్టాలు లోపలి జిల్లాలకు వచ్చాయి. నెలరోజుల నడకను రైలు ఒక రోజుకు కుదించింది. ఉప్పు చౌకగా వచ్చింది, మంచిదే. మరి అప్పటిదాకా మోసినవాడు ఏమయ్యాడు?

శ్రోతలారా, ఇది కొంచెం బాధగా వినవలసిన సంగతి. బతుకుతెరువు పోయి సంచారం మిగిలిన జనాన్ని ప్రభుత్వం అనుమానంగా చూసింది. 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. 1911లో దాన్ని మద్రాసు రాజధానికి విస్తరించారు. ఎరుకల కుటుంబాలు ఆ చట్టం కిందికి వచ్చాయి. మనిషి తప్పు చేశాడా లేదా అని చూడకుండా, పుట్టుకనే నేరంగా రాసిన చట్టం అది. ఊరు దాటాలంటే అనుమతి కావాలి, హాజరు వేయించుకోవాలి. ఊళ్ళు దాటడమే వృత్తిగా బతికినవారికి ఊరు దాటడం నేరమయింది. స్వాతంత్ర్యం వచ్చాక 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ ముద్ర తొలగించారు. ఆనాటి నుంచి వారిని విముక్త జాతులు అంటున్నాం.

ఒక విచిత్రం గమనించండి. ఆంధ్రప్రదేశ్‌లో లంబాడీలు, ఎరుకలవారు షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నారు. కర్ణాటకలో లంబాడీలు, కొరచ, కొరమలవారు షెడ్యూల్డు కులాల జాబితాలో ఉన్నారు. గీతకు ఇవతల ఒక పత్రం, అవతల ఒక పత్రం. వారి తాతలు ఎద్దులు తోలిన రోజుల్లో ఈ తేడాలేవీ లేవు.

మన తాలూకాకు ఇరవయ్యో శతాబ్దమంతా రైలు రాలేదు. హిందూపురం దాకా వచ్చిన సరుకు అక్కడి నుంచి ఎద్దుబండి మీదనో, మనిషి తల మీదనో రావలసిందే. ఆ లోటును పూడ్చింది సైకిలు. స్వాతంత్ర్యం వచ్చాక, 1950ల్లో మన దేశంలోనే సైకిలు కర్మాగారాలు వరసగా వెలిశాయి. సైకిలు వెనుక చక్రం మీద ఇనుప క్యారియర్ బిగించగానే అది చిన్న పెరికె ఎద్దు అయింది. ఇటు ఒక బిందె, అటు ఒక బిందె, మధ్యలో పాత ట్యూబు రబ్బరుతో కట్టిన మూట. ఎండాకాలం వస్తే గంట కొట్టుకుంటూ వచ్చే ఐసు పెట్టె గుర్తుందా? చెక్కతో చేసి, లోపల రేకు కొట్టి, క్యారియర్ మీద తాడుతో బిగించిన పెట్టె. పొద్దున ఐసు ఫ్యాక్టరీ దగ్గర ఎక్కించి, సాయంత్రం దించేసేవారు. ఈనాటి ఊడదీసే పెట్టెకు మన ఊళ్ళలో పెద్దన్న అదే.

తర్వాత మోటారు వచ్చింది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ ఏర్పడి బుల్లెట్లు తయారుచేసింది. 1961 నాటికి మన మైసూరులోనే జావా బండ్లు తయారవుతున్నాయి. అదే కర్మాగారం తర్వాత ఎజ్డీలు చేసి 1996లో మూతపడింది. 1980లో హోసూరు నుంచి టి.వి.ఎస్. 50 వచ్చింది. హోసూరు కూడా మనలాగే తెలుగు, కన్నడ, తమిళ భాషలు కలిసిన సరిహద్దు ఊరే కదా! ఇద్దరు కూర్చొనే ఆ చిన్న మోపెడ్ బస్తాలు మోసే బండి అయిపోయింది. 1985లో హీరో హోండా సి.డి. 100 వచ్చి, తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం పోవచ్చని రైతుకు చూపించింది.

ఆ పాత బండ్లకు వెనుక చదునైన ఇనుప క్యారియర్ ఉండేది. ఏ మూటైనా దాని మీద నిలిచేది. తర్వాత వచ్చిన చాలా బండ్లకు తోక భాగం సన్నబడి, పైకి లేచింది. చూపుకు అందంగానే ఉంది, కాని మూట పెట్టేందుకు చోటు పోయింది. అందుకే విడిగా క్యారియర్ కొనడం, దాని మీద పెట్టె బిగించడం అవసరమయింది.

పడమటి దేశాల్లోనూ కథ ఇట్లాగే నడిచింది. మోటారు సైకిలు పక్క పెట్టెలను ఇంగ్లీషులో ప్యానియర్ అంటారు. అది ఫ్రెంచి మాట. రొట్టెల బుట్ట అని దాని మూలార్థం. గాడిదకు ఇరుపక్కలా వేలాడిన రొట్టెల బుట్టే మోటారు బండి మీదికి ఎక్కింది. మొదట్లో గుర్రపు జీను సంచుల వంటి తోలు సంచులు వాడారు. తర్వాత గట్టి పెట్టెలు వచ్చాయి. 1969లో 350 సి.సి. ప్రపంచ పోటీల్లో మూడో స్థానం పొందిన జుసెప్పె విసెంజి అనే ఇటలీ పందెగాడు, 1978లో గివి అనే సంస్థ పెట్టి ఈ పెట్టెల తయారీ మొదలుపెట్టాడు. తాళంచెవితో బిగిసే, తాళంచెవితో ఊడే పద్ధతులు అటువంటి సంస్థల వల్ల లోకమంతా పాకాయి.

ఇక పెట్టె బిగించే పద్ధతి చెప్పుకుందాం. ఇందులో మూడు భాగాలు. బండి చట్రానికి బోల్టులతో బిగించే ఇనుప క్యారియర్ మొదటిది. క్యారియర్ మీద ఉండే పలక రెండోది. పలకలో కూర్చొని తాళం పడే పెట్టె మూడోది. మొదటి రెండూ బండితోనే ఉంటాయి, మూడోది మనతో వస్తుంది. క్యారియర్‌ను ప్లాస్టిక్ తొడుగులకు గాని, మడ్‌గార్డుకు గాని బిగించకూడదు. చట్రానికే బిగించాలి. బోల్టుకు వాషరు వేయాలి. కొత్తగా బిగించాక రెండు మూడు రోజులు తిరిగి మళ్ళీ పానా పెట్టి చూడాలి. మన మట్టిదారుల అదురుకు నట్టు వదులు కాకుండా ఉండదు.

బరువు సంగతిలో పిల్లలకు చెప్పే ఏతం పాఠమే ఇక్కడా పాఠం. వెనుక చక్రం ఇరుసును ఆధారం అనుకోండి. ఇరుసుకు వెనకగా ఎంత బరువు వేలాడితే ముందు చక్రం అంత తేలికవుతుంది. తేలికైన ముందు చక్రం నేలను సరిగా పట్టదు, హ్యాండిల్ ఊగుతుంది. అందుకనే వెనుక ఎత్తున పెట్టే పెట్టెకు తయారీదారులు చాలా తక్కువ బరువు చెబుతారు. పెట్టె రకాన్ని బట్టి అది మూడు కిలోల నుంచి పది కిలోల దాకా ఉంటుంది. చోటు ఉంది కదా అని నింపకూడదు. బరువైన సామాను పక్క పెట్టెల్లో, అడుగున, వీలైనంత ముందుకు ఉండాలి. రెండు పక్కలా బరువు సమంగా ఉండాలి. చూశారా, లంబాడీ తాత పిడికెడు జొన్నలతో సరిచేసిన లెక్కే ఇది. ఎద్దు అయితే నొప్పి పుట్టి ఆగిపోతుంది. యంత్రానికి నొప్పి తెలియదు. అది మలుపు దగ్గర పడేసిన తర్వాతే మనకు తెలుస్తుంది.

ఇంకా కొన్ని జాగ్రత్తలు. చాలా బండ్లకు సైలెన్సర్ కుడి పక్కన ఉంటుంది. ఆ వేడికి ప్లాస్టిక్ కరగకుండా పెట్టెకూ సైలెన్సరుకూ మధ్య జాగా వదలాలి. పక్క పెట్టెలు వేలాడదీసేందుకు ఎడమ పక్కనున్న చీర గార్డును కొందరు తీసేస్తారు. అది తప్పు. వెనుక చక్రంలో సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ, వెనుక కూర్చున్నవారు పట్టుకునే పిడి, కాలు పెట్టుకునే ఆధారం ఉండి తీరాలని కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతున్నాయి. మన ఆడవాళ్ళ చీరకొంగు చక్రంలో పడితే ఏమవుతుందో చెప్పనవసరం లేదు. పెట్టె కోసం ప్రాణం పోగొట్టుకోవద్దు.

2020లో కేంద్ర ప్రభుత్వం పెట్టెల కొలతలు కూడా చెప్పింది. మోటారు సైకిలుకు పెట్టే తేలికపాటి పెట్టె 550 మిల్లీమీటర్ల పొడవు, 510 మిల్లీమీటర్ల వెడల్పు, 500 మిల్లీమీటర్ల ఎత్తు మించకూడదు. వెనుక మనిషి కూర్చొనే చోట పెట్టె ఉంటే, బండి మీద నడిపేవారు ఒక్కరే ఉండాలి. ఆ చోటుకు వెనకగా ఉంటే, బండికి చెప్పిన మొత్తం బరువు మించకుండా రెండో మనిషి కూర్చోవచ్చు. పెట్టె ఇండికేటరును గాని, వెనుక దీపాన్ని గాని, నంబరు పలకను గాని కప్పకుండా చూసుకోవాలి. మన బండి కర్ణాటక నంబరుతో ఆంధ్రలో తిరుగుతుంది, ఆంధ్ర నంబరుతో కర్ణాటకలో తిరుగుతుంది. ఈ నియమాలు రెండు చోట్లా ఒక్కటే.

మూసిన పెట్టె అన్ని సరుకులకూ పనికిరాదు. పట్టుగూళ్ళ లోపల పురుగు ప్రాణంతో ఉంటుంది. మడకశిర నుంచి హిందూపురం అంగడికి గూళ్ళు తీసుకుపోయే రైతు వాటిని గాలి ఆడే సంచిలోనే వేయాలి. ప్లాస్టిక్ పెట్టెలో మూసి ఎండలో నడిపితే గూడు చెమ్మగిల్లి ధర పడిపోతుంది. టీకా మందుకు దీనికి పూర్తిగా విరుద్ధం. ఆరోగ్య కార్యకర్త మోసే టీకాల పెట్టెలో నాలుగు ఐసు ప్యాకులు ఉంటాయి, మూత గట్టిగా పడాలి. 2015 ఏప్రిల్‌లో కర్ణాటక ప్రభుత్వం బైకు అంబులెన్సులను ప్రారంభించింది. అంటే, సందుల్లోకి పెద్ద బండి రాలేని చోట ఒక మనిషి ప్రాణం మోటారు సైకిలు పెట్టెలో ఉన్న మందు మీద ఆధారపడుతుందన్న మాట.

చివరిగా మోసే మనిషి దగ్గరికి వద్దాం. 2014లో బెంగళూరులో స్విగ్గీ మొదలయింది. ఇటువంటి సంస్థలు పెరిగాక, మన వంటి మెట్ట తాలూకాల నుంచి బెంగళూరు చేరిన యువకులకు వెనుక పెట్టె కట్టుకొని భోజనాలు, సరుకులు మోయడం ఒక బతుకుతెరువు అయింది. వానలో వస్తారు, ఎండలో వస్తారు. మనం తలుపు తీసి పొట్లం అందుకుంటాం. పేరు అడగం. ఆలస్యమయితే మాత్రం కోప్పడతాం. కొన్నిచోట్ల వారిని లిఫ్టు ఎక్కనివ్వరని కూడా వింటుంటాం.

ఉప్పు మోసినవాడి మీద ఒకనాడు చట్టం ముద్ర వేసింది. ఈనాడు పెట్టె మోసేవాడి కోసం చట్టం మాట్లాడడం మొదలుపెట్టింది. 2025లో కర్ణాటక ప్రభుత్వం ఇటువంటి కార్మికుల సామాజిక భద్రత కోసం ప్రత్యేక చట్టం చేసింది. ప్రతి లావాదేవీలో కార్మికుడికి చెల్లించే సొమ్ము మీద ఒకటి నుంచి అయిదు శాతం దాకా సంస్థల నుంచి సంక్షేమ రుసుము వసూలు చేయవచ్చునని అందులో ఉంది. ఇది ఎంతవరకు చేతికి అందుతుందో మనం కళ్ళు తెరిచి చూడవలసిందే. మీ ఇంటి పిల్లవాడు ఆ పనిలో ఉంటే, తన పేరు నమోదయిందా లేదా అని ఈసారి పండక్కి వచ్చినప్పుడు అడగండి. పెట్టె బరువు ఎంత, బోల్టులు బిగువుగా ఉన్నాయా, హెల్మెట్ పెట్టుకుంటున్నాడా అని కూడా అడగండి.

అట్లాగే, రేపు మీ వాకిట్లో సరుకు దించే మనిషి వస్తే, లంబాడీ అయినా, ఎరుకలవారయినా, ఏ కులం పిల్లవాడయినా, ముందు ఒక చెంబు నీళ్ళు ఇచ్చి మాట్లాడండి. ఈ సీమలో ఉప్పు లేని కూడు తినకుండా మనల్ని కాపాడినవాళ్ళు వాళ్ళ తాతలే.